నేను డబ్బాలు మార్చలేదు

రాసుకో పాపా. ముందు ఈ మాట రాసుకో: నేను డబ్బాలు మార్చలేదు. రాసినావా? సరే. ఇంగ మొదట్నించీ చెప్తా. నేను ఎట్ల చెప్తే అట్లే రాయి, నీ అనంతపురం కాలేజీ తెలుగులోకి మార్చాకు. నాకు తెలుగు మాట్లాడేకి వస్తాది గానీ రాసేకి రాదు. మా చిన్నప్పుడు యలహంకలో బడి అంటే కన్నడం బడే, అదీ ఐదో క్లాసు దంకా. సంతకం కూడా కన్నడంలోనే పెడతా. ఆ సంతకమే నా కొంప ముంచింది. ఆడికే వస్తా ఉండా, తొందర పడాకు.

తొంభైల మొదట్లో అనుకో. మీ అమ్మ హైస్కూలుకు పోతా ఉండె. మీ తాత పీణ్యలో లేత్ మిషన్ మీద పని. మన ఎదురింటామె ఒక రీసెర్చి సంస్థలో కసువు ఊడ్చేకి పోతా ఉండె. ఒగ దినం వచ్చి, "అక్కా, ఎలకల రూములో మనిషి కావాలంట. వాసనకి ఎవరూ నిలబడటం లేదంట. నువ్వు వస్తావా?" అనింది. వాసనదేముందప్పా, మనింటి వెనక చరండి కాలవ కంటేనా అని పోతిని.

ఎలకలంటే మనింట్లో అటక మీద తిరిగేవి కాదు పాపా. తెల్లగా, ఎర్ర కండ్లతో, నా బొటనవేలంత ఉంటాయి. ఒక్కో ప్లాస్టిక్ డబ్బాలో ఐదు. పైన ఇనుప కడ్డీల మూత, ఆ మూతలోనే మేత బిళ్ళలు, నీళ్ళ బాటిలు. కింద వడ్ల పొట్టు. ఆ పొట్టు కూడా ఊరికే పోసేది లేదు, ఆవిరి మిషన్లో ఉడికించి ఆరబెట్టి పోయాల. లోపలికి పోవాలంటే చెప్పులు మార్చాల, కోటు వేసుకోవాల, మూతికి గుడ్డ కట్టుకోవాల. ఏసీ ఎప్పుడూ తిరుగుతా ఉండాల.

మీ తాతకి అది వింటే నవ్వు. "మనింట్లో ఎలకకి బోను పెడతావు, ఆడేమో ఎలకకి ఏసీ పెట్టి కూడు పెడతావు. నేనూ ఆడనే పుట్టింటే బాగుండు," అనేవాడు.

నేను, "పుట్టు. ఆదివారం ఆదివారం సూది కూడా వేస్తారు," అంటా ఉంటి.

ఆ పనిలో నాకు మూడు పద్ధతులుండె. ఎవరూ నేర్పలేదు, నేనే పెట్టుకున్నా. ఒకటి, ఎప్పుడూ రెండు డబ్బాల మూతలు ఒకేసారి తీసేదాన్ని కాదు. ఒక డబ్బా తీసి, ఐదింటినీ తోక పట్టి కొత్త డబ్బాలో ఏసి, పాత మూతే పెట్టి, ఆ తర్వాతనే ఇంకో డబ్బా. రెండు, ప్రతిసారీ పైకి లెక్కపెట్టాల. మూడోది దారం. డబ్బా ముందర ఒక చీటీ గుచ్చింటారు, ఏ డబ్బా ఎవరిది, ఎప్పుడు సూది వేసిరి అని. డబ్బా కదిలిస్తే ఆ చీటీ జారి పడిపోతాది. అందుకని నేను పూలు కట్టే దారం తీసుకోనిపోయి, ఒక్కో చీటీకి బొక్క పెట్టి డబ్బా మూతకి ముడి ఏసి కట్టేదాన్ని. మూత ఏ డబ్బాకి పోతే చీటీ ఆ డబ్బాకే పోతాది. ఎలకలూ వాటి ఎంటనే.

మేడం వచ్చింది రెండో సంవత్సరం. ఆయమ్మ పేరు చెప్పను, రాయాకు. గుంటూరు పక్కామె, నా కంటే పది పన్నెండేళ్ళు చిన్నది. బయట దేశంలో చదివి వచ్చి ఈడ కొత్తగా సైంటిస్టుగా చేరింది. మొదటి దినం నేను పొట్టు మారుస్తా, "లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు" అని లెక్కపెడతా ఉండా. మా నాయన వడ్లు కొలిచేటప్పుడు ఒకటికి బదులు లాభం అనేవాడు, నాకూ అదే అలవాటు. వెనకనించి ఒకటే నవ్వు.

"అక్కా, వడ్లు కొలుస్తున్నావా, ఎలకల్ని లెక్కపెడుతున్నావా?"

"రెండూ ఒకటే మేడం. తక్కువ పడితే అడిగేది నన్నే కదా."

"మా అమ్మమ్మ కూడా ఇట్లాగే అనేదక్కా. ఎన్నాళ్ళకి విన్నాను!" అని మూతి గుడ్డ తీసి మరీ నవ్వింది. ఆ దినం నించి నేను అక్క, ఆయమ్మ మేడం. ఆ బిల్డింగులో అందరూ ఇంగ్లీషు, కన్నడం. ఆయమ్మకి తెలుగు మాట్లాడాలని అనిపిస్తే ఎలకల రూముకి వచ్చేది. నా టిఫిను డబ్బాలోని పులిహోర తినేది.

ఏమి పని చేస్తా ఉండె అంటావా? క్యాన్సరుకి టీకా. మామూలు టీకా కాదు. నాకు ఎట్ల చెప్పిందో అట్లే చెప్తా, విను.

"అక్కా, మీ వీధిలో కుక్క కొత్తవాళ్ళని చూస్తే అరుస్తుంది కదా. మీ ఇంట్లోవాడే దొంగ అయితే అరుస్తుందా?"

"అరవదు. తోక ఊపుతాది."

"క్యాన్సర్ అంతే. మన ఒంట్లోదే, మన కణమే చెడిపోయి దొంగవుతుంది. ఒంట్లో కాపలా ఉంది గానీ అది అరవదు. వాడు దొంగ అని దానికి నేర్పించాలి. వాడి చొక్కా తెచ్చి వాసన చూపించాలి."

"యాడనించి తెస్తారు చొక్కా?"

"తేను అక్కా. దర్జీకి కొలతల చీటీ ఇస్తాను. ఆ చీటీయే డీఎన్‌ఏ. దాన్ని సూదితో ఎలక కండలోకి పంపిస్తాను. ఎలక ఒళ్ళే దర్జీ. చీటీ చూసి అదే చొక్కా కుడుతుంది, కాపలా కుక్క వాసన పడుతుంది, అప్పుడు అసలు దొంగని పట్టుకుంటుంది."

నాకు ఒళ్ళు ఝుమ్మనింది పాపా. మా అత్త రొమ్ము గడ్డతోనే పోయింది, ఆస్పత్రిలో కరెంటు పెట్టి పెట్టి చర్మం నల్లగా మాడిపోయె. ఒక చీటీతో అది పోతాదా అని అడిగితే, "ముందు ఎలకలో పోవాలి అక్కా. మనుషుల దాకా రావాలంటే నువ్వూ నేనూ ముసలివాళ్ళం అవుతాం," అనింది. ఇంటికొచ్చి మీ తాతకి చెప్తిని. ఆయన, "ఎలక గడ్డని ఎట్ల కొలుస్తారు?" అని అడిగె. వర్నియర్ స్కేలుతో అంటే పడీపడీ నవ్వె. "మా లేత్ దగ్గర ఉండేదే! ఎలక వీపు మీద పెడతారా? కదలకుండా నిలబడతాదా అది?" నేను పట్టుకుంటా, మేడం కొలుస్తాది అని చెప్తిని. గొప్పగానే చెప్తిని. ఆ పొద్దు నాకు గొప్పగానే ఉండె.

ఆ ప్రయోగం ఎట్లంటే, ఎలకల్ని మూడు గుంపులు చేస్తారు. ఒక గుంపుకి అసలు చీటీ. ఇంకో గుంపుకి ఖాళీ చీటీ, అంటే అదే డీఎన్‌ఏ గానీ దాంట్లో చొక్కా కొలతలు ఉండవు, తెల్ల కాయితం మాదిరి. మూడో గుంపుకి ఉప్పునీళ్ళు. తర్వాత అందరికీ వీపు పక్కన క్యాన్సరు కణాలు ఏస్తారు. ఎవరికి గడ్డ లేస్తాదో, ఎవరికి లేవదో చూస్తారు. డబ్బా మీద నంబరే ఉంటాది. ఏది ఏ గుంపో నాకు తెలియకూడదు, నేను ఒకదాన్ని ముద్దుగా చూస్తానని.

మొదటిసారి చిన్నగా, ఖాళీ చీటీ గుంపు లేకుండా చేసిరి. అసలు చీటీ ఏసిన వాటికి గడ్డలు లేవలేదు, మిగతావాటికి లేచె. మేడం మైసూర్ పాక్ తెచ్చి నా నోట్లో పెట్టి, "నీ చేతి చలవ అక్కా," అనింది. అదే నెలలో ఇంకో మాట కూడా అనింది. "పెద్దదిగా ఇంకోసారి చేసి కమిటీకి చూపిస్తే నా ప్రాజెక్టు నిలబడుతుంది. నీ పర్మనెంటు సంగతి కూడా నేనే రాస్తాను."

నేను అప్పటికి నాలుగేళ్ళు టెంపరవరీ. పర్మనెంటు అయితే మీ అమ్మని పీయూసీ, అదే మీ ఇంటరు, అయినాక కూడా చదివించొచ్చు, మీ తాత వొళ్ళు నొప్పులకి ఆస్పత్రి చీటీ దొరుకుతాది. పర్మనెంటుకి ముందుగా రాసిన లిస్టులో నా పేరు ఉండె. ఎదురింటామె కూడా చూసి వచ్చి చెప్పె.

ఆ పెద్ద ప్రయోగం నడిమధ్యలో, ఏప్రిల్ నెల, ఒక ఆదివారం మధ్యాహ్నం, ట్రాన్స్‌ఫార్మరు పేలె. ఏసీ ఆగిపోయె. జనరేటరు అంటే డీజిలు లేదంటారు. రూములో నేనొక్కదాన్నే. కిటికీలు తెరిచేకి లేదు. అర్ధ గంటకే ఎలకలన్నీ పొట్టు మీద వెల్లకిలా పడినట్ల పడి, నోరు తెరిచి ఎగపోస్తా ఉండాయి. సెక్యూరిటీ దగ్గర ఫోను చేస్తే మేడం ఇంట్లో ఎత్తలేదు. ఇంగ ఎవరిని అడగాల? కింద వరండాలో నల్లరాయి పరిచింటారు, నీడ, గాలి. నలభై డబ్బాలు. ఒక్కొక్కటే, రెండు చేతుల్తో పట్టుకోని, మెట్లు దిగి, రాయి మీద పెట్టి, మళ్ళా పైకి. నలభై సార్లు దిగినా, నలభై సార్లు ఎక్కినా. పోయే ముందర ప్రతి ముడీ లాగి చూసుకున్నా. సాయంత్రం కరెంటు వస్తే మళ్ళా అట్లే పైకి. ఒక్క మూత కూడా తీయలేదు. ఒక్క ఎలకా చావలేదు.

సోమవారం మేడం వచ్చి నా రెండు చేతులూ పట్టుకునింది. "అక్కా, నువ్వు లేకపోతే నా రెండేళ్ళ పని పోయుండేది."

ఈ మాట కూడా రాసుకో. ఆయమ్మ నోటితో అన్న మాట.

మూడు వారాలకి కొలిచే దినం వచ్చె. నేను పట్టుకుంటా ఉండా, మేడం కొలుస్తా ఉండాది, ఆయమ్మ దగ్గర చదివే కన్నడం పిల్ల రాస్తా ఉండాది. నంబర్లు రాసి, ఏది ఏ గుంపో ఉండే కవరు చింపి చూసిరి. మేడం మొహం మారిపోయె. అసలు చీటీ వాటికి గడ్డలు లేవు, సరే. ఉప్పునీళ్ళ వాటికి లేచె, సరే. కానీ ఖాళీ చీటీ వాటికి కూడా శానా వాటికి లేవలేదు! తెల్ల కాయితానికి కుక్క అరిచినట్ల.

"ఇది కుదరదు," అనింది మేడం ఇంగ్లీషులో. మళ్ళా నా పక్క తిరిగి తెలుగులో, "అక్కా, ఆ ఆదివారం..."

"ఒక్కటీ మారలేదు మేడం. దారం చూడండి, ముడి ముడీ అట్లే ఉండాది."

"నువ్వు కావాలని చేశావని కాదు అక్కా. ఎండ, కంగారు. ఏదో ఒక చోట రెండు చీటీలు అటూ ఇటూ..."

"అటూ ఇటూ అయ్యేకే కదా మేడం కట్టింది!"

కన్నడం పిల్ల తల ఎత్తలేదు. పెన్సిలు చూస్తా ఉండె.

మేడం కష్టం నాకు ఇప్పుడు తెలుసు. ఖాళీ చీటీ కూడా పని చేస్తే, కమిటీవాళ్ళు అడుగుతారు కదా, నీ చీటీలో గొప్పేముంది, తెల్ల కాయితమే చాలు కదా అని. ఆ బ్యాచిని లెక్కలోంచి తీసెయ్యాల. ఊరికే తీసెయ్యలేరు, ఫైల్లో కారణం ఉండాల. కారణం నేను.

వారానికి ఎలకల రూము ఇన్‌ఛార్జి సారు, పశువుల డాక్టరాయన, ఆఫీసుకి పిలిచె. మేడం ఆడనే ఉండాది. టేబుల్ మీద ఇంగ్లీషులో టైపు చేసిన కాయితం. సారు కన్నడంలో, "సుమ్నె ఫార్మాలిటి అమ్మా, సహి హాకి," అనె, ఊరికే ఫార్మాలిటీ, సంతకం పెట్టు అని.

నేను మేడంని చూస్తిని. "ఏముంది మేడం ఇందులో?"

"ఆ రోజు కరెంటు పోయింది, నువ్వు డబ్బాలు కిందికి దించావు అని. జరిగిందే కదా అక్కా."

"అంతేనా?"

"అంతే అక్కా. నేనుండగా నీకేమవుతుంది? పెట్టు."

పెడితిని. కన్నడంలో, ఒత్తులూ దీర్ఘాలూ అన్నీ పెట్టి, నిదానంగా. చదివి ఇనిపించమని అడగల్సింది. అడిగితే ఆయమ్మని నమ్మనట్ల అవుతాదని అడగలేదు. నా పులిహోర తిన్న మనిషి కదా.

రెండు నెలలకి పర్మనెంటు లిస్టు వచ్చె. నా పేరు లేదు. ఆఫీసు గుమాస్తా ఫైలు తీసి, నా సంతకం మీద వేలు పెట్టి కన్నడంలో చదివి చెప్పె: డబ్బాలు కదిలించేటప్పుడు చీటీలు నా అజాగ్రత్త వల్ల తారుమారు అయినాయని నేనే ఒప్పుకుంటా ఉండానంట. "నువ్వే రాసిచ్చినావు కదమ్మా, ఇంగ నేనేమి చేసేది?" అనె. మేడం దగ్గరికి పరిగెత్తితిని. మీటింగులో ఉందనిరి. మరుసటి దినం ఊర్లో లేదనిరి. ఇంకో నెలకే నన్ను తీసేసిరి, వేరే మనిషిని పెట్టుకునిరి.

ఉద్యోగం పోయింది, సరే. ఇంకో పని చూసుకుంటాం. మన ఈదిలో మాట పోయేది చూడు, అదీ కష్టం. ఎదురింటామె కొళాయి దగ్గర అందరి ముందరా, "పాపం అక్కకి ఏమి తెలుసు, ఎలకలన్నీ ఒకే మాదిరి ఉంటాయి, కలిపేసింది," అనింది. జాలిగానే అనింది. బిందె ఆడనే పెట్టి ఇంటికొచ్చేస్తిని. ఒక సాయంత్రం మీ తాత, అన్నం తింటా తింటా, "నిజం చెప్పు. ఒకటి రెండు మారింటాయేమో కదా?" అనె. ఆయనతో నెల దినాలు మాట్లాడలేదు.

దానికంటే ఘోరం ఇంకొకటుండాది, ఇది మీ అమ్మకి కూడా చెప్పలేదు. పోను పోను నాకే అనుమానం వచ్చేసె. ఆ ఆదివారాన్ని మళ్ళా మళ్ళా మొదట్నించీ నడిచేదాన్ని. పదిహేడో డబ్బా. మెట్ల మీద కాలు జారె, గోడకి ఆనుకున్నా. అప్పుడేమైనా చీటీ ఊడిందా? ముడి లాగి చూసినానా, చూసినట్ల అనుకున్నానా? సాయంత్రం పైకి తెచ్చేటప్పుడు వరసలో పెట్టినానా? మేడం అంత చదువుకున్నామె, ఊరికే అంటాదా? తలుపుకి బీగం ఏసి రెండుసార్లు వెనక్కి వచ్చి చూసేది అప్పుడే మొదలాయె. ఇప్పటికీ చూస్తా కదా, నువ్వు నవ్వుతావు కదా. నవ్వు. అది ఆ కాయితం పెట్టిన జబ్బు.

ఆ మరుసటి మాఘమాసం మీ అమ్మ పెండ్లి. పీయూసీతోనే ఆపేసి చేసినాం. పత్రిక ఇంటికి పోయి ఇచ్చి వచ్చినా, మేడంకి. రాదనుకున్నా. వచ్చింది! పట్టుచీర కట్టుకోని, మీ అమ్మకి వెండి కుంకుమ భరిణ తెచ్చి. పంతిలో కూర్చుని పాయసం రెండుసార్లు వేయించుకునింది. పోయేటప్పుడు నా చేయి పట్టుకోని, "అక్కా, జరిగిందేదో జరిగిపోయింది. నా మనసులో ఏమీ లేదు. నువ్వూ పెట్టుకోకు," అనింది. నేను కండ్లల్లో నీళ్ళు పెట్టుకున్నా. ఎంత పెద్ద మనసు, నేను ఆయమ్మ పని చెడగొట్టినా నన్ను క్షమించింది అనుకున్నా. ఆ భరిణని దేవుడి గూట్లో పెట్టి ఏళ్ళ తరబడి దాంట్లోంచే కుంకుమ పెట్టుకున్నా.

ఇంగ నువ్వు పుట్టినావు, బడికి పోయేదానివైనావు. నేను యలహంక న్యూటౌన్లో పిల్లలకి సూదులేసే క్లినిక్‌లో ఆయా పని చేస్తా ఉంటి. నా పని పిల్లల కాలు గట్టిగా పట్టుకునేది. ఎలకల్ని పట్టిన చేయి కదా, ఒక్క పిల్లా కదలదు. ఒగ దినం ఒకామె పసిబిడ్డని తెచ్చింది. బిడ్డ కాలు పట్టుకుంటే, ఆమె నా మొహం చూస్తానే ఉండాది. "అక్కా? మౌస్ రూమ్ అక్కా?" అనింది. ఆ కన్నడం పిల్ల! ఇప్పుడు కాలేజీలో పాఠం చెప్తుందంట.

బిడ్డ ఏడుపు మానినాక బయట బెంచీ మీద కూర్చున్నాం. నేనే అన్నా, "నా వల్ల మీకందరికీ ఇబ్బంది ఆయె ఆ పొద్దు." ఆ పిల్ల బిడ్డని ఒళ్ళో సర్దుకోని కన్నడంలో అడిగె.

"అక్కా, మీకు ఎవరూ చెప్పలేదా?"

"ఏమి?"

"మీరు మార్చలేదు. అదే సంవత్సరం, దీపావళికి ముందే, మేడం మళ్ళీ చేయించింది. కొత్త ఎలకలు, కొత్త మనిషి. మళ్ళీ అదే వచ్చింది. మళ్ళీ చేసినాం. మళ్ళీ అదే. ఆ ఖాళీ డీఎన్‌ఏని మేము బ్యాక్టీరియాలో పెంచేవాళ్ళం కదా. బ్యాక్టీరియా గుర్తు దాంట్లోనే ఉంటుంది. ఒళ్ళు ఆ గుర్తు చూసి బయటివాడు వచ్చినాడని లేచి కూర్చుంటుంది. బయట దేశాల్లో కూడా అప్పటికే కొందరు చెప్తా ఉన్నారు. మేము చదవలేదు, ఖాళీ అంటే ఖాళీయే అనుకున్నాం."

అంటే, చీటీలో ఏమీ రాయలేదు గానీ కాయితానికే పరాయి వాసన ఉండాది. కుక్క దానికి అరిచింది. నేను కుక్కనీ మార్చలేదు, చీటీనీ మార్చలేదు.

"మేడంకి ఎప్పుడు తెలిసె?" అని అడిగితిని.

"ఆ డిసెంబరుకి ఖాయం అయిపోయింది అక్కా. దాని మీదనే మేడంకి పెద్ద పేరొచ్చింది."

డిసెంబరు. మీ అమ్మ పెండ్లి మాఘంలో. వేలి మీద లెక్కపెడితిని. లాభం, రెండు. రెండు నెలలు ముందే తెలుసు ఆయమ్మకి. తెలిసి పాయసం తినె. తెలిసి నన్ను క్షమించె.

ఆ పిల్ల తల వంచుకోని ఇంకో మాట చెప్పె. "ఆ రోజు కొలిచినాక దారాలన్నీ నేనే కత్తిరించినాను అక్కా. ఒక్క ముడీ కదల్లేదు. మేడంకి చెప్పినాను. నా థీసిస్ ఆమె చేతిలో ఉండె. ఇంకెవరికీ చెప్పలేదు." ఆ పిల్ల ఒళ్ళో పసిబిడ్డ. "బిడ్డకి రాత్రి జ్వరం వస్తే భయపడాకు, సూది జ్వరం," అని చెప్పి లోపలికి పోతిని.

మేడం అప్పటికి ఆ సంస్థ వదిలేసి, బెళ్ళందూరులో కంపెనీ పెట్టుకోని ఉండె. రెండు బస్సులు మారి పోతిని. అంతా అద్దాలు. కింద పేరు రాయించుకోని కూర్చోబెట్టిరి. ఆయమ్మ తానే కిందికి వచ్చె. జుట్టు నెరిసింది. "అక్కా! ఎన్నేళ్ళయింది! చెప్పకుండా వచ్చావేంటి!" అని పైకి తీసుకోనిపోయి కాఫీ తెప్పించె.

నేను కాఫీ ముట్టలేదు. "ఆ కాయితం కొట్టేయించండి మేడం," అన్నా.

"ఏ కాగితం?"

"నేను మార్చినానని రాయించుకునింది."

ఆయమ్మ తన కప్పు కింద పెట్టె. "ఎవరు చెప్పారు నీకు? ... సరే. అక్కా, సైన్సులో తప్పులు అందరం చేస్తాం. అప్పుడు నాకు నిజంగా మారాయనే అనిపించింది."

"అప్పుడు అనిపించింది. డిసెంబరులో?"

"నా ప్రాజెక్టు అప్పుడే నిలబడింది అక్కా. వెనక్కి వెళ్ళి ఆ బ్యాచి సరైనదే అంటే, మరి ఎందుకు పారేశావని అడుగుతారు. ఇంక నువ్వు కూడా అక్కడ లేవు..."

"మీరు నా బిడ్డ పెండ్లికి వచ్చినారు కదా మేడం. పంతిలో నేనే వడ్డిస్తిని. పాయసం వేసేటప్పుడు చెప్పింటే చాలు. చెవిలో చెప్పింటే చాలు. ఎవరికీ చెప్పేదాన్ని కాదు, నాకు తెలిసింటే చాలు. ఇన్నేండ్లు నేను ఆ మెట్లు దిగతా ఎక్కతా ఉండా."

ఆయమ్మ కండ్లు తుడుచుకునింది. నిజంగానే ఏడ్చింది, అబద్ధం చెప్పకూడదు. "మీ అమ్మాయి పిల్లల చదువు నేను చూసుకుంటాను," అనింది. నేను లేచి నిలబడితే, "ఉండు, ఉండు, రాసిస్తాను," అని కంపెనీ పేరుండే కాయితం తీసి, ఇంగ్లీషులో చకచకా సగం పేజీ రాసి, సంతకం పెట్టి ఇచ్చింది.

"చదవండి మేడం," అన్నా.

"ఏంటక్కా?"

"చదివి తెలుగులో చెప్పండి."

చదివె. నేను ఎన్నో ఏండ్లు నమ్మకంగా పని చేసినానంట. కష్టజీవినంట. నా సాయం లేకుండా ఆ తొలి ప్రయోగాలు జరిగేవే కాదంట.

"డబ్బాలు మార్చలేదని ఉండాదా?"

"అది... చదివినవాళ్ళకి అర్థమైపోతుంది అక్కా. అంత విడిగా రాస్తే, పాత విషయాలు మళ్ళీ..."

ఆ కాయితాన్ని కాఫీ కప్పు కింద పెట్టి వచ్చేస్తిని. గాలికి ఎగిరిపోకుండా. మంచి మాటలే కదా, ఆయమ్మకే పనికొస్తాయి. ఇంటికొచ్చి భరిణ గూట్లోంచి తీసేస్తిని. పారేయలేదు, ఆవాలు పోసినా. ఆ పోపుల డబ్బాల పక్కన ఉండేది అదే.

మీ తాతకి చెప్తే, అప్పటికే మంచం పట్టింటె, నా చేయి పట్టుకోని, "నేనూ అడిగినా కదా నిన్ను," అనె. అంతే అనె. ఆయన అడిగింది మర్చిపోలేదు, చూడు.

ఆ టీకాల పని మీద నాకు కోపం లేదు పాపా. అది కూడా రాయి. క్యాన్సరుకి అట్లాంటివి ఇప్పుడు మనుషులకి కూడా వేసి చూస్తా ఉండారని నువ్వే ఫోనులో చదివి చెప్పినావు కదా. మంచిదే. మా అత్త మాదిరి ఇంకొకరు కాలకుండా ఉంటే చాలు. ఆ ఖాళీ చీటీ సంగతి కూడా అందరికీ పనికొచ్చిందంట. అది మొదట బయటపడిన దినం ఆ రూములో డబ్బా పట్టుకోని నేనుండా. ఆ ఎలకలు ఆ ఆదివారం చచ్చిపోయింటే ఎవరికి ఏమి తెలిసేది?

సరే. అయిపోయింది. పెన్ను ఇవ్వు, సంతకం పెడతా.

ఉండు, ఉండు. ముందు మొత్తం చదివి ఇనిపించు. మొదటి మాట నించి. నువ్వు నా మనవరాలివే, నమ్మకం లేక కాదు. అయినా చదువు. గట్టిగా.